పందికి తోడుగా

జులై 3, బుధవారం

నేను పెళ్ళికి వెళ్ళడం లేదు. ఈ మాట ఇవాళ నలుగురికి చెప్పాను. అడిగింది మాత్రం ఇద్దరే.

నా భార్య తిలియా, ఆమె అక్కచెల్లెళ్ళు పోయిన ఓడలోనే నానుమేయా దీవికి వెళ్ళిపోయారు. చాపలు, గవ్వల దండలు, అత్తరు సీసాలు, పౌడరు డబ్బాలు, చివరికి కుట్టుమిషను కూడా పట్టుకుపోయారు. రేవు దాకా సామాను మోసింది నేనే. మోయడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఓడ కదిలే ముందు తిలియా అడిగింది:

"ఆఖరిసారి అడుగుతున్నా. కూతురి పెళ్ళికి వస్తావా, రావా?"

"రన్‌వే మీద సైరన్ ఎవరు కొడతారు?"

"నీ దగ్గర పనిచేసే కైటు కొడతాడు."

"ఆ పని బరువు కైటుకేం తెలుసు?"

తిలియా నవ్వింది. ఎందుకు నవ్విందో తెలియలేదు. విమానం వచ్చే వేళకి ఫైరింజన్ తోలుకుంటూ సైరన్ మోగించి, రన్‌వే మీద ఆడుకునేవాళ్ళనూ, చాప వేసుకుని పడుకునేవాళ్ళనూ, కుక్కల్నీ, మోటారుసైకిళ్ళనూ అవతలికి తోలేది నేను. నేను బయల్దేరితే మా ఫునాఫుతి దీవి మొత్తం పక్కకి జరుగుతుంది. ఒక్కడు తప్ప.

వాడి పేరు ఎసెకియా. ఒకసారి వాలీబాల్ ఆడుతూ, సైరన్ చెవిలో మోగుతున్నా వినకుండా, "ఈ ఒక్క పాయింటు అయిపోనీ మావయ్యా" అన్నాడు. విమానం అప్పటికే నీళ్ళ మీద కనబడుతోంది. ఇప్పుడు నన్ను నిజంగానే మావయ్యని చేస్తానంటున్నాడు.

మా అమ్మాయి ఫియాలువా నర్సు. దాన్ని నానుమేయా దవాఖానాకి వేసిన రోజే నాకు అనుమానం వచ్చింది. ఉత్తరాన అదే చివరి దీవి. అక్కడికి విమానం లేదు, ఓడ కూడా బుద్ధి పుట్టినప్పుడే వెళుతుంది. అయినా దూరంతో నాకేమీ పేచీ లేదు. పేచీ నానుమేయా వాళ్ళతోనే. మాటలు ఎక్కువ. పులాకా దుంపని పూర్తిగా ఉడకనివ్వరు. ఇంకా చాలా కారణాలున్నాయి, ఇప్పుడు గుర్తుకు రావడం లేదు.

జులై 5, శుక్రవారం

పంది సరిగ్గా తినడం లేదు. దానికి తిలియా చెయ్యి అలవాటు.

నేనూ టిన్ను మాంసం సగం వదిలేశాను. ఉప్పు ఎక్కువైంది.

జులై 8, సోమవారం

బావమరిది టానెయికి గడ్డ లేచింది. కూర్చునే చోట.

పెళ్ళి విందుకని తిలియా ఏడాదిగా మేపిన పందిని గురువారం ఓడలో తీసుకెళ్ళాల్సింది వాడే. వెళ్ళి చూస్తే బోర్లా పడుకుని రేడియోలో పాటలు వింటున్నాడు.

"కూర్చోలేను బావా. నిలబడలేను. ఓడలో అన్ని రోజులు బోర్లా పడుకుని పందిని ఎలా పట్టుకోను?"

"తాడు ఎక్కడైనా కట్టేయొచ్చు కదా."

"కట్టేస్తే కట్టేయొచ్చు. దానికి నీళ్ళు పెట్టాలి, నీడ చూడాలి. పందికి ఎండ పడదు బావా, పోతుంది. పెళ్ళికూతురు వైపు పంది దారిలోనే చచ్చిందంటే నానుమేయా వాళ్ళు మన మీద పాట కడతారు. మన మనవలు పెద్దయ్యాక కూడా పాడతారు."

సాయంత్రం తిలియా ఫోన్ చేసింది. సగం మాటలు గాలి తినేసింది.

"నువ్వు రాకపోయినా ఫర్వాలేదు," అంది. "అందరికీ సర్ది చెప్పుకున్నా. పంది రాకపోతే మాత్రం నేను తలెత్తుకోలేను."

"అంటే నాకంటే పందికే విలువ ఎక్కువా?"

"ఈ వారం వరకూ అంతే."

ఫోన్ తెగిపోయింది. ఆమే పెట్టేసిందేమో కూడా.

ఆలోచించాను. పంది మా ఇంటి పరువు. పెళ్ళి వేరే విషయం. పందిని నానుమేయా దాకా తీసుకెళ్ళి, పడవలో దింపి, అదే ఓడలో తిరిగి వచ్చేస్తాను. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకుని వెళ్ళినట్టు అంటారే, అలాంటిది కాదు ఇది. నేను పెళ్ళికి వెళ్ళడం లేదు.

జులై 10, బుధవారం

సంచి సర్దాను. తెల్ల చొక్కా ఒకటి ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాను. మిగతావి ఉతకలేదు కనుక అది పెట్టాల్సి వచ్చింది. నల్ల లుంగీ కూడా. చర్చికి కట్టుకునేదే, కానీ ఓడలో మాసినా తెలియదు.

క్షవరం చేయించుకున్నాను. ఎండలు మండిపోతున్నాయి.

జులై 11, గురువారం, ఓడ మీద

రేవులో పెద్ద తమాషా. పందిని వెదురు బోనులో పెట్టి నలుగురం మోస్తుంటే చూడడానికి ఊరంతా వచ్చింది. ఫైరింజన్ తాళాలు కైటుకి ఇస్తుంటే వాడు అడిగాడు:

"పెళ్ళికేనా అన్నా?"

"పందికి తోడుగా."

"మంచిది. దానికి ఒంటరిగా అనిపించదు."

నలుగురూ నవ్వారు. మోసేవాళ్ళు నవ్వితే బోను ఊగింది, పంది కేకలు పెట్టింది. నేను నవ్వలేదు.

డెక్కు మీద చాపలు పరచుకుని జనం కుటుంబాలు కుటుంబాలుగా కూర్చున్నారు. నా చాప పంది బోను పక్కన, నీడలో. ఓడ దీవి లోపలి మడుగు దాటి సముద్రంలోకి రాగానే నాకు లోపల ఏదో ఊగడం మొదలైంది. నేను భూమి మీద వాహనం నడిపేవాణ్ణి. పంది మాత్రం కాళ్ళు చాపుకుని, పుట్టినప్పట్నుంచీ ఓడల్లోనే తిరిగినట్టు, హాయిగా నిద్రపోయింది.

పక్క చాప మీద ఒక పెద్దావిడ. భారీ మనిషి, విసనకర్ర విసురుతూ నన్నే చూస్తోంది.

"తమ్ముడూ, అదిగో ఆ అంచుని చూడు, ఆకాశం నీళ్ళు కలిసే చోట. పందిని చూడకు."

"నేను బాగానే ఉన్నాను అక్కా."

"మొహం పచ్చి బొప్పాయి రంగులో ఉంది."

పేరు తెముకిసా అని చెప్పింది. నానుమేయా మనిషే, కానీ ఈ మధ్య కొన్నాళ్ళు నౌరూ దేశంలో ఉండి వచ్చిందట. ఈవిడ మాత్రం వాళ్ళలా కాదు, మర్యాద తెలిసిన మనిషి. ఇంకా రాద్దామనుకుంటే

జులై 12, శుక్రవారం

వాంతులు. నుకుఫెటావు దీవి వచ్చిందట, పోయిందట. నేను చూడలేదు.

జులై 13, శనివారం

కొంచెం నయం. తెముకిసా అక్క కొబ్బరి నీళ్ళు తాగించింది, కాల్చిన సీమపనస కాస్త కాస్త పెట్టింది. పందికి కూడా తనే తిండి వేసింది. నా కంటే ముందు దానికే వేసింది.

నుయి దీవి దగ్గర ఓడ ఆగింది. పడవలు బియ్యం బస్తాలు దింపి, ఎండు కొబ్బరి ఎత్తుకొస్తుంటే మేమిద్దరం మాట్లాడుకున్నాం. చాలా రోజులకి మనసు విప్పి మాట్లాడాను. ఎవరో తెలియని మనిషితో అయితే ఆ సుఖం వేరు.

"అయితే పెళ్ళికొడుకు మంచివాడు కాదంటావు," అంది.

"మంచీ చెడ్డా నాకు తెలీదు అక్కా. నేను మాట్లాడిందే లేదు వాడితో. ఇంటికొస్తానంటే, విమానం ఉంది, తీరిక లేదని చెప్పించాను. ఆ రోజు విమానం లేదని ఎవరో చెప్పేశారు."

"అయ్యో."

"పొగరుబోతు. సైరన్ మోగితే కదలడు. అలాంటివాడు రేపు పెళ్ళాం పిలిస్తే కదులుతాడా? పెంచినవాళ్ళు సరిగ్గా పెంచలేదు. తల్లీ తండ్రీ సరుకు ఓడల్లోనూ, నౌరూలోనూ పనులకు పోతే ఎవరో మేనత్త పెంచిందట. మేనత్తలు గారం చేసి పాడు చేస్తారు."

"చేస్తారు," అని ఒప్పుకుంది ఆవిడ. విసనకర్ర ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. "మరి ఆ మేనత్త ఎలాంటిదంటావు?"

"నానుమేయా మనిషి. ఇంకేం చెప్పాలి? నిన్ను అనడం లేదు అక్కా."

"తెలుసు తమ్ముడూ. ఇంకో ముక్క సీమపనస తిను."

చాలా మంచి మనిషి.

జులై 14, ఆదివారం

ఈ సముద్రంలో దూకితే సొరచేపలు ఎంతసేపట్లో వస్తాయో అని ఇవాళ నిజంగానే ఆలోచించాను.

పొద్దున డెక్కు మీద ప్రార్థన. ఓడలో ఉన్న పాస్టరు పెద్దాయన, గొంతు ఇంజను చప్పుడుని కూడా దాటుతుంది. కెప్టెనుకీ, ఇంజనుకీ, జబ్బువాళ్ళకీ అయ్యాక ఇలా అందుకున్నాడు:

"ప్రభువా, ఈ ఓడలో మాతో ప్రయాణిస్తున్న పెళ్ళికూతురు తండ్రి సొలొఫాను జ్ఞాపకం చేసుకో. అతను పందికి తోడుగా వచ్చానని చెప్పుకుంటున్నాడు. నీకు నిజం తెలుసు. మాకూ తెలుసు. అతని హృదయాన్ని మెత్తపరచు."

"ఆమెన్" అన్నారు అందరూ. డెక్కు ఈ చివర నుంచి ఆ చివర దాకా. వంటవాడు వంటగదిలోంచి తల బయటపెట్టి మరీ అన్నాడు.

"అలాగే, పెళ్ళికొడుకుని కన్నతల్లిలా పెంచి, అతని పెళ్ళి చాపలతో మా మధ్యనే ఉన్న మేనత్త తెముకిసాకు..."

ఆ తర్వాత ఏం ప్రార్థించాడో నాకు వినబడలేదు. కళ్ళు మూసుకునే ఉంచాను. ప్రార్థన అయిపోయాక కూడా చాలాసేపు మూసుకునే ఉంచాను. అక్కా అని పిలిచి కొబ్బరి నీళ్ళు తాగిన నోటితోనే వియ్యపురాలి పెంపకాన్ని ఆవిడ ముందే తిట్టిపోశాను. ఓడలో ఉన్న ప్రతి ప్రాణికీ ముందే తెలుసు. బహుశా పందికి కూడా.

జులై 15, సోమవారం

నియుటావో దీవి దగ్గర ఆగాం. చాప బోనుకి అవతలి వైపుకి మార్చుకున్నాను. ఎండ పడుతోంది, అయినా అదే నయం.

మధ్యాహ్నం బోను మీదుగా ఒక చెయ్యి వచ్చింది. చేతిలో ఆకు, ఆకులో ట్యూనా చేప, పులాకా.

"తిను," అంది తెముకిసా.

"వద్దండీ. ఆకలి లేదు."

"నిన్నటిదాకా అక్కా. ఇవాళ అండీనా?"

పులాకా తిన్నాను. బాగా ఉడికింది. ఆ మాట పైకి అనలేదు.

"ముందే చెప్పొచ్చు కదా మీరు," అన్నాను.

"చెబితే నువ్వు ఇంత మాట్లాడేవాడివా? నాకు మా కోడలి తండ్రి ఎలాంటివాడో తెలియాలి. తెలిసింది."

"ఏం తెలిసింది?"

"మావాడు మొండివాడే. గారం చేశా, నిజమే. ఫియాలువాని అడిగా, ఇంత మొండివాణ్ణి ఎలా భరిస్తావే అని. ఏమందో తెలుసా? మా ఇంట్లో ఒకరున్నారు అత్తా, అలవాటే అంది."

నేను సముద్రంవైపు తిరిగాను. ఆకాశం నీళ్ళు కలిసే చోటికి. ఆవిడ విసనకర్ర గాలి నాదాకా వస్తూనే ఉంది.

జులై 16, మంగళవారం

జరిగినదంతా ఉన్నదున్నట్టు రాస్తాను.

పొద్దున్నే నానుమేయా కనబడింది. అలలు పెద్దవిగా ఉన్నాయి. పగడపు దిబ్బ మధ్య కాలువలోంచి రెండు పడవలు వచ్చి ఓడ పక్కన ఎగురుతూ పడుతూ నిలబడ్డాయి. ఒడ్డున మనుషులు చుక్కల్లా ఉన్నారు. అందులో ఒక చుక్క ఎర్ర గౌనులో ఉంది. ఫియాలువాకి ఎర్ర గౌను ఉంది. ఎర్ర గౌన్లు చాలామందికి ఉంటాయి.

ముందు పందిని వలలో పెట్టి దింపారు. అది పెట్టిన కేకలకి ఒడ్డున కుక్కలు మొరగడం ఇక్కడికి వినబడింది. తర్వాత తెముకిసా దిగింది. ఆవిణ్ణి దింపడం పందిని దింపడం కంటే కష్టమైంది, కానీ ఆవిడ కేకలు పెట్టలేదు. పడవలో కూర్చుని పైకి చూసింది.

"రా తమ్ముడూ."

"నా పని అయిపోయింది. పంది మీ చేతికొచ్చింది."

"చోటుంది. రా."

"మీరు వెళ్ళండి."

ఎందుకలా అన్నానో తెలియదు. చొక్కా అప్పటికే తొడుక్కుని ఉన్నాను. తెల్లది. మళ్ళీ పిలుస్తుందనుకున్నాను. ఇంకొక్కసారి పిలిస్తే వెళ్ళాల్సి వచ్చేది, మర్యాద కోసమైనా. పడవవాడు తాడు వదిలేశాడు.

సరే, ఇంకో విడత ఉందిగా అనుకున్నాను. రెండో విడతలో వెళ్ళి, పంది క్షేమంగా చేరిందో లేదో చూసుకుని వద్దామని నిర్ణయించుకున్నాను. అంత దూరం తెచ్చి, చూడకపోతే బాధ్యత కాదు.

మధ్యాహ్నానికి గాలి తిరిగింది. కాలువ నోట్లో అలలు తెల్లగా విరుగుతున్నాయి. పడవలు రావడం ఆగిపోయింది. ఓడ ఇంజను జోరందుకుంది, నానుమేయా మెల్లగా పక్కకి జరగడం మొదలైంది. నేను కెప్టెన్ పెనీ దగ్గరకి పరుగెత్తాను. ఓడలో పరుగెత్తడం నాకు అదే మొదటిసారి.

"ఎక్కడికి పోతున్నాం?"

"పక్క దీవి నానుమంగాకి. వాళ్ళ సరుకు దింపి, సముద్రం తగ్గితే మళ్ళీ వస్తాం. తగ్గకపోతే అటునుంచి అటే ఫునాఫుతి."

"ఇక్కడ ఆగాలి."

"ఎందుకు? పంది దిగిందిగా."

"పంది దిగింది, కానీ..."

"చాపలు దిగాయి. మేనత్త దిగింది. ఇంకేం మిగిలింది?"

అతను నవ్వడం లేదు. నిజంగానే అడుగుతున్నట్టు మొహం పెట్టాడు. ఆ మొహం మీద కొట్టాలనిపించింది.

"నేను పెళ్ళికూతురు తండ్రిని," అన్నాను.

"తెలుసు. ఓడలో అందరికీ తెలుసు. నీకే తెలీదేమో అనుకున్నాం."

చుక్కాని దగ్గర కూర్చుండిపోయాను. ఎర్ర చుక్క ఇంకా ఒడ్డునే ఉంది. తర్వాత దీవే ఒక చుక్క అయింది.

జులై 17, బుధవారం

పెళ్ళిరోజు. నానుమంగా బయట ఊగుతున్నాం.

పొద్దున కెప్టెన్ పిలిపించాడు. నానుమేయా వాళ్ళు రేడియోలో అడిగారట. మనెయాపాలో, అంటే పెళ్ళి జరిగే ఊరి సభాశాలలో, స్పీకరు పెట్టారు, పెళ్ళికూతురు తండ్రి ఓడ నుంచే నాలుగు మాటలు చెప్పాలట. ఇదంతా తెముకిసా పని అయ్యుంటుంది.

"ఈ మైకు బటను నొక్కి మాట్లాడు. అయ్యాక 'ఓవర్' అని, వదిలెయ్యి. వదిలితేనే వాళ్ళ మాట మనకి వినబడుతుంది," అన్నాడు కెప్టెన్.

"ఎవరెవరు వింటారు?"

"రేడియో ఉన్న ప్రతివాడూ. తొమ్మిది దీవులూ."

గొంతు సవరించుకుని నొక్కాను. నిలబడి మాట్లాడాను, ఎవరూ చూడకపోయినా.

"నానుమేయా పెద్దలకు, పాస్టరుగారికి, రెండు కుటుంబాలకు సొలొఫా నమస్కారం. పంది క్షేమంగా చేరిందని ఆశిస్తున్నాను. వాతావరణం అనుకూలించలేదు. వధూవరులకు దేవుడు తోడుండాలి. ఓవర్."

చెమటలు పట్టాయి. కానీ బాగానే వచ్చింది. కెప్టెన్ చెయ్యి గట్టిగా ఊపుతున్నాడు. మెచ్చుకుంటున్నాడనుకున్నాను. కుర్చీలో కూలబడ్డాను.

"బాగానే చెప్పానా? గొంతు వణకలేదు కదా?" అన్నాను. అతను ఇంకా ఊపుతున్నాడు. "ఇంకా చాలా అనుకున్నాను కెప్టెన్. రాత్రంతా అనుకున్నాను. కానీ అందరూ వింటారు, ఎలా చెప్పను? దానికి ఉరుములంటే భయం. నర్సయింది, సూదులు పొడుస్తుంది, పురుళ్ళు పోస్తుంది, ఉరిమితే మాత్రం నా చెయ్యి వెతుక్కునేది. ఆ కుర్రాడికి ఆ సంగతి చెప్పదు. దానికి పొగరు. నా పొగరే. నాకు వాడి మీద కోపమని ఊరంతా చెప్పుకు తిరిగాను. వాడి మీద నాకేం కోపం, ఎత్తుకి ఎగిరి కొడతాడు, ఆట చూడముచ్చటగా ఉంటుంది. నాకు దూరం మీద కోపం. ఈ సముద్రం మీద కోపం. సముద్రాన్ని తిడితే ఏమొస్తుంది, ఎదురు పలకను కూడా పలకదు. అందుకని వాణ్ణి తిట్టాను. ఏంటయ్యా అలా చెయ్యి ఊపుతావు?"

కెప్టెన్ వచ్చి నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. రేడియో మైకు ఇంకా నా గుప్పిట్లోనే ఉంది. నొక్కుకునే ఉంది.

బరబరమని శబ్దం వచ్చింది. తర్వాత ఫియాలువా గొంతు.

"నాన్నా." మళ్ళీ శబ్దం. "నాన్నా, నువ్వు..." ఏడుస్తోందో నవ్వుతోందో. "ఓవర్" అనకుండానే వదిలేసింది.

తర్వాత ఒక మగ గొంతు. "మావయ్యా, ఎసెకియాని. ఉరుముల సంగతి నాకు తెలుసు. పోయిన వానల్లో తెలిసింది. పట్టుకున్నాను. ఓవర్."

మైకు కోసం మళ్ళీ చెయ్యి చాచాను. ఈలోగా ఎవరో అందుకున్నారు:

"నుయి నుంచి మాట్లాడుతున్నాం. సొలొఫా, మా ఇంట్లో ఆడవాళ్ళు వంట మానేసి ఏడుస్తున్నారు. ఓవర్."

"ఫునాఫుతి. అన్నా, కైటుని. నిన్న విమానం బాగానే దిగింది. ఒక కుక్క తప్ప అందరూ జరిగారు. టానెయి అన్న కూర్చోగలుగుతున్నాడు. ఓవర్."

జులై 18, గురువారం

ఇవాళ ఎవరి మొహమూ చూడలేదు. వంటవాడు టీ తెచ్చి, కప్పు పెట్టి, నా భుజం ఒకసారి నొక్కి వెళ్ళిపోయాడు. అందులో చక్కెర ఎక్కువ వేశాడు. తాగాను.

సాయంత్రానికి గాలి పడింది.

జులై 20, శనివారం, నానుమేయా

నిన్న రాయడానికి వీలు కాలేదు. ఎందుకో చెబుతాను.

నిన్న పొద్దున ఓడ మళ్ళీ నానుమేయా ముందుకి వచ్చింది. పడవ దగ్గరకి రాగానే, ఎవరూ పిలవకముందే, సంచి మెడలో వేసుకుని నిచ్చెన మీద ఉన్నాను. పడవ నడుపుతున్నవాడు చెయ్యి చాచాడు. ఎసెకియా.

"మావయ్యా, చెయ్యివ్వండి."

"నాకు చెయ్యి అక్కర్లేదు. నిచ్చెన దిగడం నాకు తెలీదా?"

"తెలుసు. పడవ కిందకి పోతోంది, అందుకని."

పడవ నిజంగానే కిందకి పోయింది. నేను నిచ్చెనకి, పడవకి మధ్య గాలిలో కొంతసేపు ఉన్నాను. తర్వాత నీళ్ళలో ఉన్నాను. తర్వాత వాడు కూడా నీళ్ళలో ఉన్నాడు, నా చొక్కా కాలరు పట్టుకుని. పడవలోకి ఇద్దర్నీ లాగారు. ఉప్పు నీళ్ళు కక్కుతూ ఒకరినొకరు చూసుకున్నాం. మామా అల్లుళ్ళం మొదటిసారి ఎదురుపడింది అలా. ఏదో ఒకటి అనాలి కదా.

"అప్పుడు రన్‌వే మీద, ఆ పాయింటు నీకే వచ్చిందా?" అని అడిగాను.

"లేదు మావయ్యా. సైరన్‌కి చెయ్యి వణికి బంతి బయటకి పోయింది."

ఒడ్డున ఫియాలువా మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉంది. ఎర్ర గౌను కాదు, పచ్చది. నా తల తుడిచింది, వాడి తల తుడవలేదు. అది నేను గమనించాను.

పెళ్ళయి రెండు రోజులైనా విందులు ఇంకా నడుస్తున్నాయి. తడి బట్టలతోనే నన్ను సభాశాలకి తీసుకెళ్ళారు. ఒక పక్క పెళ్ళికొడుకు వైపు వాళ్ళు, వందమంది. ఎదురుగా మా వైపు: తిలియా, ఆమె అక్కచెల్లెళ్ళు, ఇప్పుడు నేను. తిలియా నన్ను పై నుంచి కింది దాకా చూసింది.

"తెల్ల చొక్కా వేసుకొచ్చావా?"

"మిగతావి ఉతకలేదు."

"క్షవరం కూడా చేయించావు."

"ఎండలు."

ఈలోగా అవతలి వైపు మగవాళ్ళు చెక్క పెట్టె చుట్టూ కూర్చుని అరచేతులతో మోత మొదలుపెట్టారు. ఆడవాళ్ళు పూల కిరీటాలతో లేచి వరుసగా నిలబడ్డారు. మధ్యలో తెముకిసా. ఫాటేలే ఆట, పాడేకొద్దీ వేగం పెరుగుతుంది. కొత్త పాట కట్టారని అర్థమైంది. నెమ్మదిగా ఎత్తుకున్నారు.

*కోపం లేదు కుర్రాడి మీద, కోపం ఈ దూరం మీద,*
*సముద్రాన్ని తిడితే పలకదు కెప్టెన్,*
*ఉరిమితే చెయ్యి పట్టుకో, ఉరిమితే చెయ్యి పట్టుకో.*

నా మాటలే. ఒక్కటీ వదల్లేదు. "ఏంటయ్యా అలా చెయ్యి ఊపుతావు" దగ్గర ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా చెయ్యి ఊపారు, కెప్టెన్ పెనీ ఊపినట్టే. రెండోసారి వేగం పెంచి పాడారు. మూడోసారికి పెట్టె పగిలిపోతుందేమో అనిపించింది. జనం నవ్వుతున్నారు, కళ్ళు తుడుచుకుంటున్నారు, మళ్ళీ పాడుతున్నారు. టానెయి చెప్పింది నిజమే, ఈ పాట మా మనవలు పెద్దయ్యాక కూడా ఉంటుంది. ఎక్కడికైనా పారిపోదామంటే దీవి సన్నగా ఉంది.

పాట పాడించుకున్నవాడు లేవకపోతే మన వైపు ఓడినట్టు. తిలియా నన్ను మోచేత్తో పొడిచింది. లేచాను. నాకు ఆడడం రాదు, ఎప్పుడూ రాలేదు. చేతులు రెండూ చాచి ఊపాను, అదొక్కటే వచ్చింది. ఫియాలువా పరుగెత్తుకొచ్చి, ఆడేవాళ్ళని మెచ్చుకునే మా పద్ధతిలో, నా నెత్తి మీద డబ్బా అంతా పౌడరు కుమ్మరించింది. తడి చొక్కా మీద పౌడరు ముద్దయింది. తెముకిసా అత్తరు చల్లింది. ఊపిరాడలేదు. అయినా పాట ఆగేదాకా ఆపలేదు.

తర్వాత భోజనం. ఆకుల మీద రాశులు పోశారు. తింటుండగా ఓడ కూత వినబడింది, ఒకసారి, మళ్ళీ ఒకసారి.

"నీ ఓడ పోతోంది," అంది తిలియా. "అదే ఓడలో వెనక్కి వెళ్ళిపోతానన్నావుగా."

"ఎలా వెళ్ళను? పందిని ఒప్పజెప్పి, క్షేమంగా ఉందో లేదో చూసుకోవాలి. ఇంతవరకూ అది కనబడనే లేదు."

"నీ పళ్ళెంలో ఉంది."

పళ్ళెంలోకి చూశాను. అన్ని రోజులు పక్క పక్కన పడుకున్నాం. పళ్ళెం కొంచెం అవతలికి జరిపాను. తెముకిసా అక్క ఎదురుగా కూర్చుని విసనకర్ర ఆపి చూస్తోంది.

"తిను తమ్ముడూ. అది రావాల్సిన పనికి వచ్చింది. నువ్వూ అంతేగా."

తిన్నాను. ఇంకో ముక్క వేసుకున్నాను.

జులై 24, బుధవారం

నిన్న రాత్రి ఉరిమింది. పెద్ద ఉరుమే. వాళ్ళిల్లు కొబ్బరి చెట్ల అవతల, వంద అడుగులుంటుంది. లేచి వాళ్ళ గడప దాకా వెళ్ళాను. అక్కడ నిలబడి విన్నాను. లోపల ఎవరో ఏదో అన్నారు, ఫియాలువా నవ్వింది. వెనక్కి వచ్చి పడుకున్నాను.

తర్వాతి ఓడ ఎప్పుడొస్తుందో ఇక్కడ ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్ళు ఉన్నారేమో, నేను అడగలేదు.